కూలి కాదు, తలవ్రాత కాదు

ఈ నెల ధ్యానము
చదువవలసిన వేదభాగములు: రోమా 4:1–8, ఎఫెసీ 2:1–10, మత్తయి 20:1–16



ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలోనున్న మన సంఘములకు కూలి యనగా నేమో యెవరును నేర్పనక్కరలేదు. మగ్గము గుంటలో కాళ్లుంచి ప్రొద్దు గూకువరకు నేయువాడును, పత్తి మార్కెటులో మూటలు మోయు హమాలీయు, వేరుశనగ పెరుకు స్త్రీలును, తాము చేసిన పని యెంతో తమకు రావలసినది యెంతో వేళ్లమీద లెక్కించి చెప్పగలరు.

తలవ్రాత యనగా నేమో అదియు మనవారికి నేర్పనక్కరలేదు. వాన ముఖము చాటు చేసినను, బోరులో నీళ్లు అడుగంటినను, ఎదిగిన కుమారుడు త్రాగుడునకు లోబడినను, "మా నొసట వ్రాసినది అంతే" యను మాట బాప్తిస్మము పొంది యిరువది యేండ్లయినవారి నోటనుండి సహితము వెలువడుచున్నది.

ఈ రెండు తలంపులను మనము గుడి వాకిట చెప్పులతోకూడ విడిచి లోపలికి వచ్చుటలేదు. వెంట తెచ్చుకొనుచున్నాము. కృపను గూర్చి వినునప్పుడు దానిని కూలిగా భావించుచున్నాము: ఇన్ని ఆదివారములు వచ్చితిమి, ఇంత కానుక వేసితిమి, ఇన్ని దినములు ఉపవాసముంటిమి, కాబట్టి దేవుడు మాకు ఇంత ఋణపడియున్నాడు అని. దేవుని ఏర్పాటును గూర్చి వినునప్పుడు దానిని తలవ్రాతగా భావించుచున్నాము: పైన వ్రాసి పెట్టినదే జరుగును, ఇక ప్రార్థించిననేమి, మానిననేమి అని. మొదటి తలంపు మనలను గర్విష్ఠులుగా చేయును. రెండవది మనలను చచ్చినవారివలె చేయును. సువార్త ఈ రెండును కాదు.

ఈ సంగతి మనకు మొదట తట్టినది కాదు. అపొస్తలుల తరువాత వచ్చిన తొలి శతాబ్దముల పెద్దలు దీనినిగూర్చి వాదించిరి, వ్రాసిరి, సభలు కూడిరి. వారి మాటలను లేఖనములతో సమానముగా ఎంచము. అయినను మనకంటె ముందు ఈ దారిని నడిచి, గోతులు ఎక్కడెక్కడ నున్నవో చూచినవారు గనుక వారిని వినుట మేలు.

తలవ్రాతతో పోరాటము

ఆదిసంఘము పుట్టిన రోమా సామ్రాజ్యములో నక్షత్రములను చూచి జాతకము చెప్పించుకొనుట ఇంటింటి వాడుక. పుట్టిన గడియయే మనుష్యుని బ్రదుకును నిర్ణయించునని రాజులు మొదలు దాసులవరకు నమ్మిరి. సమరయ దేశములో పుట్టి, రోమాలో బోధించి, సుమారు 165లో ప్రభువు నిమిత్తము శిరచ్ఛేదనము పొందిన యుస్తీను దీనిని ఎదిరించెను. సమస్తమును విధివలననే జరుగునెడల మంచివానిని మెచ్చుటకును చెడ్డవానిని నిందించుటకును చోటు లేదు, పశ్చాత్తాపమనునదియు ఉండదని అతడు చక్రవర్తికి వ్రాసిన మనవిలో వాదించెను.

ఆ కాలముననే మరియొక బోధ సంఘములో చొరబడెను. వాలెంతీనువారు అనబడిన ఆ బోధకులు మనుష్యులను మూడు జాతులుగా విభజించిరి. కొందరు పుట్టుకతోనే ఆత్మసంబంధులు, వారు తప్పక రక్షింపబడుదురు. కొందరు పుట్టుకతోనే మట్టి మనుష్యులు, వారు ఏమి చేసినను నశించెదరు. మధ్యనున్నవారు మాత్రమే అటో యిటో పోగలరు. సుమారు 180లో లియోను పట్టణపు అధ్యక్షుడైన ఇరేనియసు దీనికి విరోధముగా గొప్ప గ్రంథము వ్రాసెను. సకల జనులను సృజించిన దేవుడొక్కడే, అందరును ఒకే మంటితో చేయబడినవారే అని అతడు నొక్కి చెప్పెను. పుట్టుకనుబట్టి ఒకనికి లోపల చోటు, మరియొకనికి ఊరి బయట చోటు అను మాట మన తాతలు ఎంతకాలము వినిరో మనమెరుగుదుము. ఆ మాటను ఆదిసంఘము రెండవ శతాబ్దముననే త్రోసివేసినది. ఇది మనము మరువరాని సంగతి.

మూడవ శతాబ్దములో ఓరిజెను ఫరో హృదయము కఠినపరచబడిన వృత్తాంతమును వివరించుచు, ఒకే సూర్యుడు మైనమును కరగించును, బురదను గట్టిపరచును అనెను. ఒకే వాన దున్నిన చేనిలో పంట పండించును, బీటిలో ముండ్లు మొలిపించును అని హెబ్రీ పత్రిక 6వ అధ్యాయమునుండి చూపెను. నల్లరేగడిని నమ్ముకొని బ్రదుకు మనకు ఈ సాదృశ్యము సులభముగా తెలియును. అయితే ఇక్కడ ఒక ప్రశ్న నిలిచియున్నది. బీడు తన్ను తాను దున్నుకొనగలదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడు తరువాత వచ్చెను.

అగస్టీను

ఆయన ఉత్తర ఆఫ్రికాలో, నేటి అల్జీరియా దేశమున, 354లో పుట్టిన అగస్టీను. తల్లి మోనిక భక్తురాలు. కుమారుడు చదువులో దిట్ట, నడవడిలో దారి తప్పినవాడు. జాతకములను సహితము కొంతకాలము నమ్మెను. ఆ నమ్మకము ఎట్లు పోయినదో తన ఒప్పుకోలు గ్రంథమున వ్రాసియున్నాడు. ఫిర్మీనుసు అను స్నేహితుడు తాను పుట్టిన గడియలోనే తన తండ్రి మిత్రుని యింట ఒక దాసికిని బిడ్డ పుట్టెనని చెప్పెను. ఇద్దరి నక్షత్రము ఒకటే, గడియ ఒకటే. ఒకడు ధనములో, గౌరవములో పెరిగెను. రెండవవాడు దాసుడుగానే యుండెను. వారిని వేరుచేసినది నక్షత్రము కాదు, ఇండ్లు. దీనిని విన్న అగస్టీను జాతకములను విడిచిపెట్టెను.

విధిని విడిచినంతమాత్రమున ఆయనకు విడుదల కలుగలేదు. మేలైనది ఏదో తెలిసెను, చేయుటకు శక్తి లేకపోయెను. రోమా 7వ అధ్యాయములో పౌలు చెప్పిన స్థితి అదియే. కడకు 387 ఈస్టరు పండుగనాడు మిలాను పట్టణములో అంబ్రోసు చేతులమీదుగా బాప్తిస్మము పొందెను. తరువాత హిప్పో పట్టణమునకు అధ్యక్షుడాయెను. మొదట ఆయనయు, విశ్వసించుట మన వంతు, మిగిలినది దేవుని వంతు అనియే తలంచెను. సుమారు 396లో సింప్లిసియానుసు అను పెద్దకు జవాబు వ్రాయుచు 1 కొరింథీ 4వ అధ్యాయము 7వ వచనముయొద్ద ఆగిపోయెను. పొందనిది నీయొద్ద ఏమున్నదని అపొస్తలుడు అక్కడ అడుగుచున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు లేదు. విశ్వాసము సహితము పొందినదే. బీడు తన్ను తాను దున్నుకొనలేదు. దున్నువాడు రావలెను.

కాలువ యుండి నీరు లేనట్లు

దాదాపు అదే కాలమున బ్రిటను దేశమునుండి వచ్చిన పెలాగియసు అను సన్యాసి రోమాలో బోధించుచుండెను. అతడు దుర్మార్గుడు కాడు. పేరునకు క్రైస్తవులై యిష్టము వచ్చినట్లు బ్రదుకు రోమీయులను గద్దించెను. మావలన కాదు, మేము బలహీనులము అని వారు సాకులు చెప్పగా, దేవుడు అసాధ్యమైనదానిని ఆజ్ఞాపించునా అని అడిగెను. దేవుడు ఆజ్ఞాపించినదానిని చేయు శక్తిని కూడ ఆయనయే దయచేయవలెనని అగస్టీను గ్రంథములో ఒక ప్రార్థన యుండగా, అది విని పెలాగియసు సహింపలేకపోయెను. 410లో గోతులు రోమాను దోచుకొనినప్పుడు అతడు ఆఫ్రికాకు, అక్కడనుండి పాలస్తీనాకు వెళ్లెను. వాదము అతని వెంటనే వ్యాపించెను.

పెలాగియసు కృప లేదనలేదు. దేవుడు మనకు చిత్తమును ఇచ్చెను, ధర్మశాస్త్రమును ఇచ్చెను, క్రీస్తు మాదిరిని ఇచ్చెను, పాపములను క్షమించును, ఇదియే కృప యనెను. ఇక నడచుట మన పని.

మన ప్రాంతపు రైతులకు దీనిని చెప్పుట సులభము. తుంగభద్ర దిగువ కాలువ మన పొలముల ప్రక్కనుండియే పోవుచున్నది. గట్టు ఉన్నది, తూము ఉన్నది, పటములో చేనికి పారుదల అని వ్రాసియున్నది. అయితే నీరు రాని యేట చివరి ఆయకట్టు రైతు ఆ గట్టుమీద కూర్చుండి ఏమి చేయగలడు? ధర్మశాస్త్రము కాలువ. మాదిరి కాలువ. నీరు వదలువాడు వదలనిదే చేను తడియదు. అగస్టీను వాదము ఇంతే: కృప యనగా కాలువ మాత్రము కాదు, నీరు. రోమా 5వ అధ్యాయములో పౌలు చెప్పినట్లు, పరిశుద్ధాత్మవలన దేవుని ప్రేమ హృదయములలో కుమ్మరింపబడుటయే కృప.

త్రాగుడు మానెదనని పది మారులు ఒట్టుపెట్టుకొని, పది మారులును ఓడిపోయిన సహోదరుని తలంచుకొనుడి. గట్టిగా ప్రయత్నించుమని పదకొండవ మారు చెప్పుట పెలాగియసు సువార్త. అది విని అతడు మరింత క్రుంగిపోవును. నీలో లేని బలమును ఇచ్చువాడు ఒకడు నీ యింటి తలుపునొద్ద నిలిచియున్నాడు అని చెప్పుట అపొస్తలుల సువార్త. 418లో కార్తేజిలో కూడిన ఆఫ్రికా సంఘముల సభ పెలాగియసు బోధను త్రోసివేసెను.

"అయితే గద్దించుట యెందుకు?"

ఇక రెండవ గోతియొద్దకు వచ్చితిమి. సుమారు 426లో, నేటి టునీషియా తీరమునందలి హద్రుమేతు అను పట్టణపు మఠములో అగస్టీను పత్రిక యొకటి చదువగా సన్యాసులలో కలత పుట్టెను. అంతయు కృపయేయైతే, తప్పు చేసినవానిని పెద్దలు గద్దించుట యెందుకు? అతనికి కృప రాలేదు గనుక అతనికొరకు ప్రార్థించి ఊరకుండవచ్చును గదా అని కొందరు వాదించిరి. ఇది పండితుల ప్రశ్న కాదు. మన సంఘములలో తలిదండ్రులు అడుగు ప్రశ్నయే. "అయ్యగారూ, మావాని విషయములో దేవుడు ఏమి వ్రాసిపెట్టినాడో! చెప్పి చెప్పి నోరు నొచ్చినది. వానిని ఆయన ఏర్పరచుకొనలేదేమో!" అని కన్నీళ్లతో అడుగు తల్లులు లేని సంఘము మనలో ఏది?

వృద్ధుడైన అగస్టీను ఆ సన్యాసులకొరకు రెండు గ్రంథములు వ్రాసెను. సారాంశమిది. గద్దింపును దేవుడు వాడుకొను సాధనమే. వైద్యుని చేతిలో కత్తివలె దానిని ప్రేమతో వాడవలెను. ఎవరు ఏర్పరచబడినవారో మనకు తెలియదు. తెలియదు గనుక ఏ ఒక్కనిని విడిచిపెట్టుటకు మనకు అధికారము లేదు. అందరును రక్షింపబడవలెనని కోరి, అందరికొరకును ప్రార్థింపవలెను.

ఈ మాట చెప్పుటకు ఆయనకంటె తగినవాడెవడు? ఆయన తల్లి ఏండ్ల తరబడి ఆయనకొరకు ఏడ్చినది. కుమారుడు సముద్రము దాటి రోమాకు తప్పించుకొని పోగా తానును వెనుకనే వెళ్లినది. మోనిక దేవుని ఏర్పాటును తలవ్రాతగా తలంచియున్నయెడల ఆఫ్రికాలోనే కూర్చుండియుండును. ఆమె దేవుడు వినువాడని నమ్మెను. నొసటి వ్రాత వినదు, దానికి చెవులు లేవు. మన తండ్రి వినును. తలవ్రాతకును దేవుని ఏర్పాటునకును గల భేదమంతయు ఇందులోనున్నది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండ చెప్పవలెను. ఏర్పాటు విషయములో అగస్టీను చెప్పినదంతయు సర్వసంఘము ఒప్పుకొనలేదు. 407లో పరవాసమున మరణించిన కాన్‌స్టాంటినోపిలు అధ్యక్షుడు, బంగారు నోటివాడని పేరుపొందిన యోహాను క్రిసొస్తొము, గ్రీకు పెద్దలలో అనేకులవలెనే, దేవుడు మన అంగీకారమును ముందుగా ఎరిగి మనలను ఏర్పరచుకొనునని బోధించెను. అగస్టీనో, మనము నమ్ముదుమని చూచి దేవుడు ఏర్పరచుకొనలేదు, మనము నమ్మునట్లు ఏర్పరచుకొనెను అనెను. ఈ తగవు తరువాతి కాలములకును వచ్చెను. 1739లో జాన్ వెస్లీ ఉచిత కృపను గూర్చి ప్రసంగించి, కాల్విను బోధను అనుసరించిన తన స్నేహితుడు జార్జి విట్‌ఫీల్డుతో విభేదించెను. అయితే 1795లో స్థాపింపబడిన లండను మిషనువారు ఒక సంఘశాఖ పద్ధతిని గాక సువార్తనే అన్యదేశములకు కొనిపోవలెనని తీర్మానించుకొనిరి. వారిలోనివాడైన జాన్ హ్యాండ్సు 1810లో బళ్లారికి వచ్చెను. ఆదోని తాలూకా 1953 వరకు ఆ బళ్లారి జిల్లాలోనిదే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, వెస్లీ సంతతివారును కాల్విను సంతతివారును ఒకే బల్లయొద్దకు వచ్చిరి. ఏర్పాటు ఎట్లు జరుగునో వివరించుటలో భేదపడినవారు, కృప ఉచితమనుటలో భేదపడలేదు గనుకనే అది సాధ్యమాయెను.

ఆరంభము ఎవరిది?

ఆఫ్రికాలో వాదము సద్దుమణిగినను దక్షిణ ఫ్రాన్సులో మరల లేచెను. మార్సే పట్టణమున మఠములు స్థాపించిన యోహాను కాసియను మధ్యస్థముగా ఒక మాట చెప్పెను. కొన్నిసార్లు దేవుడే ఆరంభించును, మత్తయినిని పౌలును లాగికొనినట్లు. కొన్నిసార్లు మనుష్యుడు ఆరంభించును, జక్కయ్య చెట్టెక్కినట్లు. తరువాత దేవుడు సహాయము చేయును. ఇది వినుటకు న్యాయముగానున్నది. మనలో అనేకుల నమ్మకము ఇదియే. ఒక అడుగు మనము వేసినయెడల పది అడుగులు ఆయన వేయును అందుము.

ఎమ్మిగనూరు నేతపనివారిని దీనిగూర్చి అడుగుదము. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో అక్కడ చేనేత సహకార సంఘము ఏర్పడినది. సహకార సంఘములో నేయువాడు నూలు తన యింట పండించుకొనడు. అది సంఘమునుండి వచ్చును. అతడు బట్ట నేసి, పడుగు నాది, పేక మాత్రమే సంఘముది అని చెప్పునా? రెండును ఇయ్యబడినవే. అయినను నేసినవి అతని చేతులే, కాళ్లే. అతడు ఊరకుండినయెడల బట్ట లేదు. సాదృశ్యము ఇంతవరకే సరిపోవును. ఏలయనగా అక్కడ నేతగానికి కూలి న్యాయముగా రావలసియున్నది. దేవునియొద్దనో, నూలేకాదు, చేతి సత్తువయు, నేయవలెనను కోరికయు ఆయన ఇచ్చినవే. ఫిలిప్పీ 2వ అధ్యాయములో పౌలు రెండును కలిపి చెప్పెను: భయముతో పాటుపడుడి, ఏలయనగా మీలో కోరికను కార్యమును కలుగజేయువాడు దేవుడే. జక్కయ్య చెట్టెక్కకమునుపే ప్రభువు యెరికో దారి పట్టియుండెను గదా!

529 జూలై 3న దక్షిణ ఫ్రాన్సులోని ఆరెంజి పట్టణములో ఆర్ల్ అధ్యక్షుడైన సిసేరియసు ఆధ్వర్యమున కూడిన సభ ఇరువది యయిదు తీర్మానములతో ఈ సంగతిని తేల్చెను. విశ్వాసమునకు ఆరంభముకూడ, నమ్మవలెనను కోరికకూడ, కృపవలననే కలుగును. అంతేకాదు. దేవుడు ఎవనినైనను చెడుగు చేయుటకు ముందుగా నిర్ణయించెనని చెప్పువారిని ఆ సభ గట్టిగా ఖండించెను. కూలియను తలంపునకును తలవ్రాతయను తలంపునకును ఒకే దినమున తలుపు మూసిరి.

ఆ దినమునకు సరిగా 1,349 ఏండ్ల తరువాత, అనగా 1878 జూలై 3న, మన తెలుగు దేశములో జరిగినదానిని ఇక్కడ తలంచుట తగును. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును మాడ్చిన కరవు మన బళ్లారి, కర్నూలు సీమలను మిక్కిలి బాధించినది. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములను సహితము విడువలేదు. ఒంగోలులోనుండిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను. ఎక్కువమంది మాదిగలు. బోధకులు పని విరామములో వారియొద్ద కూర్చుండి ఓదార్పు మాటలు చెప్పిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. అయితే ఆయన ఏడాదికి పైగా ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. కూలిని కృపయని ఎవరును పొరపడకుండవలెననియు, కూలికొరకు కృపను ఎవరును కోరకుండవలెననియు ఆయన ఉద్దేశము. పని ముగిసెను, కూలి ఆగెను. జనులు ఆగలేదు. ఆ జూలై 3న గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లియొద్ద ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దరిద్దరుగా దిగి 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి.

మన పెద్దలు గంజికొరకు మతములో కలిసిరని నేటికిని ఎగతాళి చేయువారున్నారు. వారికి మనము కోపముతో జవాబు చెప్పనక్కరలేదు. ఆకలి అనేకులను తలుపువరకు తెచ్చియుండవచ్చును. తప్పిపోయిన కుమారుని తండ్రి యింటికి త్రిప్పినదియు ఆకలియే. ఏ దారిని వచ్చితివని అతని తండ్రి అడుగలేదు.

"తీర్చబడుట" యను మాట

నీతిమంతులుగా తీర్చబడుట యని మన తెలుగు బైబిలులో ఒక మాట యున్నది. దీనిమీద పదహారవ శతాబ్దములో సంఘము చీలిపోయినంత వాదము జరిగెను. అపొస్తలుడు వాడిన గ్రీకు మాట న్యాయస్థానమునకు చెందినది, నిర్దోషియని తీర్పు చెప్పుట దాని భావము. లతీను భాషలో దానికి వాడిన మాట నీతిమంతునిగా చేయుట యను భావమునిచ్చును. అగస్టీను లతీనువాడు గనుక రెండవ భావమును గట్టిగా పట్టుకొనెను. మార్టిన్ లూథరు మొదలగు సంస్కర్తలు గ్రీకు మాటను చూచి, తీర్పు మొదట, మార్పు దాని ఫలము అనిరి.

మన తెలుగు మాటను తలపోయుడి. తగవు తీర్చుదుము, అనగా న్యాయము చెప్పుదుము. అప్పు తీర్చుదుము. వాకిట ముగ్గు తీర్చుదుము, అనగా వంకరలేకుండ చక్కపరచుదుము. సిలువయొద్ద మొదట జరిగినది తగవు తీరుట. న్యాయాధిపతియే మన పక్షమున తీర్పు చెప్పెను. ఎట్లు చెప్పెను? మన అప్పును తానే తీర్చి. షావుకారు పుస్తకములో తండ్రి పేరుమీదనుండి కొడుకు పేరుమీదికి ఎక్కుచు వచ్చు అప్పు ఎట్టిదో మన నేతపనివారికిని రైతులకును తెలియును. కట్టినకొలది వడ్డీకే చెల్లును, అసలు కదలదు. ఆ పద్దు కొట్టివేయబడిన దినమున ఆ యింట దీపము వేరుగా వెలుగును. అట్లు అప్పు తీరినవాని బ్రదుకును ప్రభువు తరువాత ముగ్గువలె దినదినము తీర్చును. క్రమము మారరాదు. ముగ్గు చక్కగా తీరినది గనుక అప్పు కొట్టివేసెదనని ఆయన అనలేదు.

ఈ క్రమమును అపొస్తలుల తరువాతి తరమే ఎరిగియుండెను. సుమారు 96లో రోమా సంఘమునుండి క్లెమెంటు కొరింథీయులకు వ్రాసిన పత్రికలో, మనము మన జ్ఞానమువలనను క్రియలవలనను కాక విశ్వాసమువలననే నీతిమంతులమగుదుమని చెప్పి, వెంటనే, అయితే మేలుచేయుట మానుదుమా, అట్లు ఎన్నటికిని జరుగకూడదు అని హెచ్చరించెను. రెండు మాటలును ఒకదాని ప్రక్కన ఒకటి నిలిచియున్నవి. మనము వాటిని విడదీయకుందుము గాక.

సుగ్గికి పోవువారికి

ఇప్పుడు మత్తయి 20వ అధ్యాయమునకు వచ్చెదము. పంట చేతికి రాని యేట కోసిగి, కౌతాళము, మంత్రాలయము, పెద్దకడబూరు పల్లెలనుండి కుటుంబములు కుటుంబములే బియ్యము, గిన్నెలు, పిల్లలతోకూడ బండ్లెక్కి సుగ్గికి పోవుచున్నవి. గుంటూరు సీమలో మిరపకాయలు కోయుటకు, తెలంగాణములో పత్తి తీయుటకు పోయి నెలల తరబడి అక్కడనే గుడారములలో నుందురు. ఆ నెలలలో మన పల్లె సంఘములలో ముసలివారును తాళములును మిగులును. తిరిగి వచ్చినప్పుడు వారిలో కొందరు వెనుక వరుసలో కూర్చుండుచున్నారు. ఇన్ని ఆదివారములు రాలేదు, క్రిస్మసు ఆరాధనకు లేము, చందా బాకీయున్నది, మాకు బల్లయొద్ద ఏమి భాగము అని సంకోచపడుచున్నారు. ఊరిలోనుండి ప్రతి ఆదివారము వచ్చిన మనమో, నోటితో అనకపోయినను చూపుతో అనుచున్నాము.

ద్రాక్షతోట యజమానుడు తెల్లవారుజామున వెళ్లెను, తొమ్మిదింటికి వెళ్లెను, మధ్యాహ్నమున, మూడింటికి, చివరకు అయిదింటికి వెళ్లెను. అయిదింటివరకు అడ్డామీద నిలిచియున్నవాడు సోమరియని మనమందుము. మమ్మును ఎవరును పిలువలేదని వాడు చెప్పెను. పని దొరకని దినమున సాయంకాలమువరకు నిలువబడి, వట్టి సద్దిగిన్నెతో ఇంటికి పోవుట యెంత బరువో ఎరిగినవారు మనలోనే యున్నారు. ఇరేనియసు ఈ గడియలను లోకచరిత్రలోని యుగములనెను. క్రిసొస్తొము వాటిని మనుష్యుని వయస్సులనెను, కొందరు బాల్యములోను కొందరు ముసలితనములోను పిలువబడుదురు. ఎట్లు చెప్పినను ఒకటే నిజము: ప్రతి గడియలోను బయటికి వెళ్లినవాడు యజమానుడే. ఏ పనివాడును తోట వెదకుకొని రాలేదు. ముందుగా పిలిచినవాడు ఆయనయే. దేవుని ఏర్పాటు అనునది ఇదియే: మనము అడ్డామీద నిలిచియుండగా ఆయన తలంపు మనవైపు నడిచి వచ్చుట.

సాయంకాలము ఒక్కొక్కనికి ఒక్కొక్క దేనారము. దినమంతయు ఎండ భరించినవారు సణిగిరి. వారి లెక్కలో తప్పు లేదు. ఎవరికిని కూలి తగ్గలేదు. అయితే ఆయన ఇచ్చినది అయిదింటివానికి కూలి కాదని వారు గ్రహింపలేదు. అది వాని పిల్లలకు ఆ రాత్రి అన్నము. యజమానుడు పనిని చూడలేదు, ఆకలిని చూచెను.

కాబట్టి ప్రియులారా, సుగ్గినుండి తిరిగి వచ్చు మన సహోదర సహోదరీలను ఈ యేడు ముందు వరుసకు పిలువుదము. సంఘపు పెద్దలు చందా పుస్తకము తెరువకమునుపు వారి క్షేమము అడుగుదురు గాక. పోవుచున్నవారు వెళ్లిన చోటనే నలుగురు కూడి ప్రార్థించుకొందురు గాక. ప్రభువు ఆ మిరప చేలలోను ఉన్నాడు. దారి తప్పిన బిడ్డలుగల తల్లులు మోనికవలె విసుగక అడుగుదురు గాక. మా నొసట వ్రాసినది అంతే యను మాట మన యిండ్లలో ఇక వినబడకుండును గాక. మన నొసట ఏమి వ్రాసియున్నదో మనమెరుగము. ఆయన అరచేతులమీద మనము చెక్కబడియున్నామని యెషయా 49వ అధ్యాయమువలన ఎరుగుదుము. అది చాలును.

ప్రార్థన: మా పరలోకపు తండ్రీ, మేము నిన్ను వెదకకమునుపే నీవు మమ్మును వెదకితివి. మా మంచితనమును లెక్కకట్టి నీయొద్ద కూలి అడుగు గర్వమునుండి మమ్మును తప్పించుము. విధియని చెప్పి చేతులు ముడుచుకొను నిరాశనుండి మమ్మును లేపుము. ఎండిన మా చేలమీద వానను, ఎండిన మా హృదయములమీద నీ ఆత్మను కుమ్మరించుము. దూరదేశములలో పని చేయుచున్న మావారిని కాపాడి క్షేమముగా ఇల్లు చేర్చుము. మా రక్షకుడైన యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.